వాయిదా వేస్తాను

బాపట్ల,
14 జూలై 2025, సోమవారం.

ప్రియమైన సాయి ప్రియకు,

రిబ్కా వందనాలతో రాసేది. ఇక్కడ నేను, నా యూనిఫాం చీర, నా బాకీ ముగ్గురం దేవుని దయవల్ల క్షేమం. చీర కొంచెం వెలిసింది గానీ బాకీ మాత్రం నవనవలాడుతోంది. అక్కడ నువ్వూ మీ అమ్మగారూ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను.

ఉత్తరం చూసి ఇదేంటి అనుకుంటావు. మొన్న శుక్రవారం ఫోన్ చేసి, "ఇక జన్మలో నాతో మాట్లాడకు" అని పెట్టేశావు. ఆ వెంటనే నా నంబరు బ్లాక్ చేశావు. మాట్లాడొద్దన్నావు గానీ రాయొద్దనలేదు కదా. పైగా మా తెలుగు మెథడాలజీలో లేఖారచన అని ఒక పాఠం ఉంది. దాన్ని పిల్లలకు చెప్పడమే తప్ప నేను ఇంతవరకూ ఒక్క ఉత్తరమూ రాసి ఎరగను. నాకు సాధన అవుతుంది, నీకు నా సంగతి తెలుస్తుంది.

ఆరోజు నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "నిన్ను నమ్మి సార్ దగ్గర గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు నా జీతంలో కోశారు. హాయిగా ఉందా నీకు?" అన్నావు. హాయిగా లేదు సాయీ. ఆ ఫైనాన్సు కంపెనీ వసూళ్ళ గదిలో మనిద్దరం పక్కపక్క కుర్చీల్లో మూడేళ్ళు కూర్చున్నాం. తెనాలిలో సగం మందికి ఫోన్ చేసి "మీ లోను వాయిదా ఇంకా ముట్టలేదండి" అని అడిగిన నోళ్ళు మనవి. అక్కడే నేను బీఈడీ ఫీజుకు పర్సనల్ లోను తీసుకుంటుంటే హామీ సంతకం ఎవరు పెడతారని మేనేజరు శాలేమురాజు సార్ అడిగారు. ఆయన మాట పూర్తవకముందే నువ్వు నా చేతిలో పెన్ను లాక్కుని సంతకం పెట్టేశావు. అలాంటి నీ జీతం నావల్ల కోతపడిందంటే నాకు అన్నం ఎలా దిగుతుంది చెప్పు. హామీదారు జీతం కోసే పద్ధతి మన రోజుల్లో వినలేదు. నేను మానేసి వచ్చాక పెట్టిన కొత్త రూలు కాబోలు.

అయితే నేను చేసిన తప్పేంటో మాత్రం ఎంత ఆలోచించినా అంతుపట్టడం లేదు. జూన్ నెలాఖరులోనే నీకు మెసేజ్ పెట్టాను కదా. "పదో తారీకుది వాయిదా వేస్తాను, సార్‌కి చెప్పు" అని అరటిపండు ఒలిచినట్టు రాశాను. నువ్వు బొటనవేలు బొమ్మ కూడా పెట్టావు. ఈ నెలది కట్టలేను, వచ్చే నెలకు జరుపుతాను అని ముందే చెప్పిన మనిషి మీద ఇంత కోపమా? చెప్పకుండా ఎగ్గొట్టేవాళ్ళతో కూడా మనం 'అండి' లేకుండా మాట్లాడలేదు.

ఎందుకు కట్టలేకపోయానో కూడా చెప్తాను. పరీక్ష ఫీజు, యూనిఫాం చీర రెండూ ఒకేసారి మీదపడ్డాయి. ఆ చీర రంగు అడగకు. బెల్లప్పాకం మీద చింతపండు పులుసు ఒలికినట్టుంటుంది. చీరాలలో నేయించారట గానీ నేసినవాళ్ళను అడిగితే ఒప్పుకోరు.

సంపాదన లేకుండా కూర్చున్నానని అనుకోకు. మా క్లాసులో ప్రతివాళ్ళూ పాఠానికో చార్టు చేసుకుని బడికి వెళ్ళాలి. నాకు బొమ్మలొచ్చని తెలిసి అపర్ణ అనే అమ్మాయి ఒక ఆవును గీయించుకుని డబ్బిచ్చింది. అది చూసి మిగతావాళ్ళూ వచ్చారు. ఇప్పుడు సగం బ్యాచి చార్టుల్లో ఉన్నది ఒకే ఆవు. మొన్న మా లెక్చరర్ మైథిలి మేడం నాలుగో చార్టు దగ్గర ఆగి, "ఏమ్మా, ఈ ఆవును ఎక్కడో చూశానే" అన్నారు. అప్పటినుంచి ఎవరి ఆవుకు వాళ్ళ రంగు వేస్తున్నాను.

టీచింగ్ ప్రాక్టీసుకు కర్లపాలెం దగ్గర ఒక హైస్కూలు ఇచ్చారు. ఏడో తరగతి తెలుగు. మొదటిరోజు పిల్లలు గోల చేస్తుంటే నాకు నోరు పెగల్లేదు. పెగిలాక ఏం వచ్చిందో తెలుసా? "నమస్కారమండి, నేను రిబ్కాను మాట్లాడుతున్నాను. ఈ సంభాషణ రికార్డు చేయబడుతోంది" అన్నాను. క్లాసు మొత్తం గప్‌చుప్. రికార్డు ఎక్కడ అవుతోందా అని అందరూ ఫ్యాను వంక చూశారు.

హోంవర్కు తేనివాళ్ళను కొట్టకూడదు, తిట్టకూడదు అని మాకు నేర్పారు. నాకు ఆ రెండూ ఎలాగూ రావు. వచ్చిందల్లా అడగడమే. ఒక్కో బెంచీ దగ్గరికి వెళ్ళి, "బాబూ, మీ హోంవర్కు గడువు నిన్నటితో ముగిసిందండి. ఎప్పటికి ఇవ్వగలరో ఒక తేదీ చెప్తారా?" అని అడిగాను. చెప్పిన తేదీని బోర్డు మీద పేరు పక్కన రాశాను. వారం తిరిగేసరికి క్లాసంతా తెచ్చేసింది. హెడ్మాస్టరు నరసింహం గారు స్టాఫ్ రూములో, "జీతాలు తీసుకుని మనం చేయలేని వసూలు ఈ అమ్మాయి జీతం లేకుండా చేస్తోందయ్యా" అన్నారట.

ఇంటికి వెళ్ళాలంటే మాత్రం ప్రాణసంకటంగా ఉంది. రేపల్లె పాసింజరు కోసం తెనాలిలోనే రైలు మారాలి. బాకీ ఉన్న ఊళ్ళో రైలు మారడమంత కష్టం పగవాళ్ళకు కూడా వద్దు. పోయినసారి మొహానికి చున్నీ చుట్టుకుని బెంచీ మీద కూర్చుంటే టీ అమ్మే ఆయన దగ్గరికొచ్చి, "ఏమ్మా రిబ్కా, పంటి నొప్పా?" అన్నాడు.

నాన్న సంగతి నీకు తెలిసిందే. రాత్రిళ్ళు రొయ్యల చెరువు కాపలా, పగలు నిద్ర. మా ఇంటి నుంచి బడి గడప తొక్కింది నేనొక్కదాన్నే కాబట్టి చదువు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆయనకు అంతు చిక్కదు. "డిగ్రీ చదివావు, ఉద్యోగం చేశావు, ఇప్పుడు మళ్ళీ బడికి పోతున్నావు. వెనక్కి నడుస్తున్నావేంటే?" అంటాడు. వచ్చే ఏడు ఒకటో క్లాసులో చేరుతుందేమో చూడమని అమ్మతో అన్నాడట.

నిజం చెప్పనా సాయీ, నువ్వు ఫోన్ పెట్టేశాక ముందు ఏడ్చాను. తర్వాత కంపెనీ మీద ఒళ్ళు మండింది. నోరు లేని పిల్ల కష్టార్జితం కోసుకునేవాళ్ళకు నేను భయపడాలా అనిపించింది. వచ్చే నెల ఫైనల్ లెసన్ ఉంది. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చి నా పాఠం చూసి మార్కులేస్తారు. అది తప్పితే బీఈడీ లేదు, బీఈడీ లేకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే నీ జీతం ఇలా కోస్తూనే ఉంటారు. కాబట్టి తప్పను. నీ డబ్బు నీకు, వాళ్ళ డబ్బు వాళ్ళకు తిరిగిచ్చి తీరుతాను.

మీ అమ్మగారికి నా నమస్కారాలు.

నీ కోపానికి పాత్రురాలు, కారణం మాత్రం ఎరగనిది,
రిబ్కా.


బాపట్ల,
22 ఆగస్టు 2025, శుక్రవారం.

ప్రియమైన సాయి ప్రియకు,

రిబ్కా సిగ్గుతో రాసేది. ఈసారి నేను క్షేమమో కాదో ఉత్తరం చివరిదాకా చదివి నువ్వే తేల్చు. మీ అందరి క్షేమం మాత్రం రోజూ ప్రార్థనలో అడుగుతూనే ఉన్నాను.

నిన్న ఫైనల్ లెసన్ అయింది. అలా అయిందని ఎవరికైనా చెబితే నమ్మరు.

రెండు రోజుల ముందు శాలేమురాజు సార్ ఫోన్ చేశారు. "అమ్మా రిబ్కా, జూలైది ఎలాగో ముట్టింది. ఆగస్టుది సంగతేంటి? వినోద్ కుమార్ అని కొత్త ఫీల్డు మనిషిని తీసుకున్నాం. ఆ వైపు వస్తాడు, డబ్బిచ్చి పంపించు" అన్నారు. ముట్టకేం అనుకున్నాను మనసులో. ఫైనల్ లెసన్ ముందు ఎవరితోనూ గొడవ వద్దని పైకి మాత్రం "అలాగేనండి" అన్నాను.

మన ఫీల్డు మనుషుల తీరు నీకు తెలియనిది కాదు. దుమ్ము కొట్టుకుపోయిన బండి మీద వస్తారు. భుజాన సంచి ఉంటుంది. వచ్చీరాగానే మంచినీళ్ళడుగుతారు, తాగాక ఇంటిపేరుతో సహా పిలుస్తారు. అలాంటి మనిషి కనిపిస్తే ఎలా తప్పించుకోవాలా అని ఆలోచించుకుంటూనే బడికి వెళ్ళాను.

హెడ్మాస్టరు గారు కర్లపాలెంలో మీటింగుకు వెళ్ళారు. మైథిలి మేడం ఎక్కిన బస్సు ఇంకా రాలేదు. అంతలో గేటు దగ్గర ఆటో ఆగి ఒకాయన దిగారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నల్ల బూట్లు, కళ్ళజోడు, చంకలో ఫైలు. మెల్లగా వరండాలోకి వచ్చి, "బీఈడీ అమ్మాయిలు పాఠాలు చెప్పేది ఎక్కడండి?" అని అడిగారు. ఇంకేముంది, ఎగ్జామినర్ గారు వచ్చేశారని ఎదురెళ్ళాను. "రండి సార్, పొద్దుట్నుంచీ మీకోసమే చూస్తున్నాం" అన్నాను. ఆయన బిత్తరపోయి, "నాకోసమా?" అన్నారు. వెనక వరసలో దిండు వేసిన కుర్చీలో కూర్చోబెట్టాను. కొబ్బరిబోండం ఇప్పించాను. "అమ్మా, నేను వచ్చిన పని…" అని ఆయన మొదలుపెడితే, "తెలుసు సార్, ముందు పాఠం చూడండి" అని మార్కుల కాగితం, పెన్ను చేతిలో పెట్టాను. ఆయన ఆ కాగితం వంకా నా వంకా చూసి, కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు.

చాక్‌పీసు పట్టుకున్నానో లేదో బయట బండి చప్పుడు. బురద బండి, భుజాన సంచి, నెత్తిన హెల్మెట్టు. కుళాయి దగ్గరున్న పిల్లను మంచినీళ్ళడిగి తాగాడు. గుమ్మంలోకి వచ్చి, "కొల్లి రిబ్కా అంటే మీరేనా?" అన్నాడు.

గబగబా బయటికి వెళ్ళి గొంతు తగ్గించి చెప్పాను. "అయ్యా, మీ డ్యూటీ నాకు తెలుసు. నేనూ ఆ డ్యూటీ చేసినదాన్నే. లోపల ఎగ్జామినర్ గారున్నారు. ఇప్పుడు నా పరువు తీస్తే ఆగస్టుదే కాదు, ఏ నెలదీ మీకు రాదు. పాఠం అయ్యేదాకా ఆ సైకిల్ షెడ్డులో కూర్చోండి." ఆయన "సైకిల్ షెడ్డులోనా?" అన్నాడు. "అవునండి, నీడగా ఉంటుంది" అన్నాను. పాపం వెళ్ళి కూర్చున్నాడు. ఆ షెడ్డు మా క్లాసు కిటికీకి ఆనుకునే ఉంటుంది.

పాఠం నానార్థాలు. ఒకే మాటకు చాలా అర్థాలుండటం. 'కరము' అంటే చెయ్యి, ఏనుగు తొండం, సూర్యకిరణం, పన్ను అని చార్టు చూపించాను. ఏనుగు బాగానే కుదిరింది గానీ పిల్లలు ఆవలిస్తున్నారు. పుస్తకం పక్కన పెట్టి, మీ ఇంట్లో రోజూ వినే మాట ఏదైనా చెప్పండర్రా అన్నాను.

కిటికీ పక్కన కూర్చునే ఒక పిల్ల లేచి, "వాయిదా టీచర్" అంది.

ఎన్ని అర్థాలు అని అడిగాను. "రెండు టీచర్. మా అమ్మకి వాయిదా అంటే కట్టేది. మా నాన్నకి వాయిదా అంటే మానేసేది" అంది. క్లాసంతా ఘొల్లుమంది. ఇంకొక పిల్లవాడు, "మా తాతకి బాపట్ల కోర్టులో ఉంటుంది టీచర్, దాన్నీ వాయిదా అంటారు" అన్నాడు. నాకు హుషారొచ్చింది. వాయిదా కట్టడం, వాయిదా వేయడం, వాయిదాకు వెళ్ళడం అని బోర్డు మీద రాస్తున్నాను. వెనక నుంచి తెల్ల చొక్కా ఆయన చెయ్యెత్తి, "మేడం, చిన్న సందేహమండి. 'వాయిదా వేస్తాను' అంటే ఖాతాలో వేస్తాననే కదండీ? మా దగ్గర అలాగే రాసుకుంటాం" అన్నారు.

సాయీ, నా చేతిలో చాక్‌పీసు విరిగింది.

పదో తారీకుది వాయిదా వేస్తాను. నేను రాసిన వాక్యం అదే కదా. నేను జరుపుతాను అన్నాను. నువ్వు ఖాతాలో వేస్తాను అని చదువుకున్నావు. అందుకే బొటనవేలు పెట్టావు. అందుకే సార్ దగ్గర గొప్పగా చెప్పుకున్నావు. అందుకే పదకొండో తారీకున అంత కోపం. తెలుగు టీచరు కాబోతున్నదాన్ని, ఒక్క తెలుగు వాక్యంతో నీ నోటికాడ కూడు లాగేశాను.

ఏం చేయాలో తోచక ఆ వాక్యాన్నే బోర్డు మీద రాశాను. ఇది రాసినవాళ్ళు డబ్బు కడతారా, కట్టరా అని అడిగాను. సగం క్లాసు కడతారంది, సగం కట్టరంది. రెండు పక్షాలూ బెంచీలు చరిచి వాదించుకున్నాయి. చివరికి ఆ కిటికీ పిల్లే మళ్ళీ లేచి, "టీచర్, రాసినవాళ్ళ దగ్గర డబ్బులున్నాయా లేవా? అది చెప్తే అర్థం చెప్తాం" అంది. సందర్భాన్ని బట్టి అర్థం మారుతుందని చెప్పడానికి నేను రెండు పేజీల లెసన్ ప్లాన్ రాసుకున్నాను. ఆ పిల్ల ఒక్క ముక్కలో తేల్చేసింది. నువ్వు నా మీద నమ్మకంతో చదివావు, నేను ఖాళీ పర్సుతో రాశాను. ఇద్దరికీ రెండు అర్థాలు వచ్చాయి.

అంతలో కిటికీలోంచి సైకిల్ షెడ్డు ఆయన తల పెట్టి, "డబ్బు వేయడం, వాయిదా వేయడం, ఆ 'వేయు' కూడా నానార్థమే. అది వదిలేశారు" అన్నాడు. తెల్ల చొక్కా ఆయన కిటికీ వైపు తిరిగి, "మీరు ఆగండి బాబూ, మేడం చెప్తున్నారుగా" అని కసిరారు. ఫీల్డు మనిషికి వ్యాకరణం ఎక్కడ అబ్బిందా అని నేను ఆశ్చర్యపోతుండగా బస్సు దిగిన మైథిలి మేడం షెడ్డు ముందు ఆగిపోయారు. "విజయసారథి గారూ, మీరిక్కడ కూర్చున్నారేంటండి?" అన్నారు. ఆయన సైకిలు క్యారియరు మీంచి లేచి, "నన్ను ఇక్కడ కూర్చోమన్నారమ్మా. నీడగానే ఉంది" అన్నారు.

భూమి చీలితే దూరిపోదామనుకున్నాను. మైథిలి మేడం ఆయన్ను లోపలికి తీసుకొచ్చాక తెల్ల చొక్కా ఆయన లేచి, ఫైలు పట్టుకుని, తనే వినోద్ కుమార్‌నని తలవంచుకుని చెప్పారు. మొదట్లోనే చెప్పొచ్చు కదండీ అని మేడం గద్దిస్తే, "చెబుదామనే అనుకున్నానండి. ఈ పనిలో ఎన్ని కంపెనీల తరఫునో తిరిగాను, ఎవరూ నాకు కుర్చీ వేయలేదు. లేవబుద్ధి కాలేదు" అన్నారు.

విజయసారథి గారు నా దగ్గరికి వచ్చి, "అమ్మా, నేను నీకు అప్పివ్వలేదు. మార్కులివ్వడానికి వచ్చాను" అన్నారు. తర్వాత వినోద్ కుమార్ గారి చేతిలోని మార్కుల కాగితం తీసుకుని చూశారు. వందకు వంద వేసి ఉంది. అభిప్రాయం రాయాల్సిన చోట, "కస్టమరు పూర్తిగా సహకరించారు. మళ్ళీ రావలసిన పని లేదు" అని రాసి ఉంది. ఆయన అది రెండుసార్లు చదివి, కొత్త కాగితం ఇవ్వండి అన్నారు. ఆయన ఎన్ని వేశారో చెప్పలేదు. వెళ్ళేటప్పుడు బండి స్టార్టు చేస్తూ నవ్వుతున్నట్టే అనిపించింది, హెల్మెట్టులో సరిగ్గా కనిపించలేదు.

ఆవుల మీద వచ్చిన డబ్బంతా పోగుచేసి ఆగస్టుది వినోద్ కుమార్ గారి చేతికిచ్చి రసీదు తీసుకున్నాను.

సాయీ, తప్పు నాది. ఇకనుంచి నీకు రాసే ప్రతి వాక్యానికీ ఒకే అర్థం ఉండేలా చూసుకుంటాను. కోపం పోకపోయినా ఫరవాలేదు, కారణం నాకు తెలిసిందని నీకు తెలిస్తే చాలు.

నీ మాట పోగొట్టిన నేస్తం,
రిబ్కా.


రేపల్లె,
7 సెప్టెంబరు 2025, ఆదివారం.

ప్రియమైన సాయి ప్రియకు,

రిబ్కా సంతోషంతో రాసేది. ఇంట్లో అందరం బాగున్నాం. ఈమాట నిజంగానే రాస్తున్నాను. నీ ఆరోగ్యం, మీ అమ్మగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయో తెలియక ఆ లోటు మాత్రం ఉంది.

నేను ఫైనల్ లెసన్ పాసయ్యాను. మైథిలి మేడం ఫోన్ చేసి చెప్పారు. విజయసారథి గారు మార్కులు బాగానే వేశారట. అభిప్రాయం మాత్రం ఒకే వాక్యం రాశారట, "ఈమె పాఠం బయట కూర్చున్నవారికి కూడా వినిపిస్తుంది" అని. అది మెప్పో ఎత్తిపొడుపో మేడం కూడా తేల్చలేకపోయారు. నేను మెప్పనే అనుకుంటున్నాను.

ఇంకొక కబురు. రేపల్లెలోనే ఒక ప్రైవేటు బళ్ళో తెలుగు టీచరుగా తీసుకున్నారు. ఒకటో తారీకున చేరాను. జీతం మనం ఫోన్లు చేసినప్పటికంటే తక్కువే. అయినా డీఎస్సీకి చదువుకుంటూ నెలనెలా బాకీ తీర్చడానికి సరిపోతుంది. నాన్నకు చెబితే, "ఏ క్లాసు?" అని అడిగాడు. ఆరు, ఏడు అన్నాను. "పోన్లే, ఒకటిదాకా దిగలేదు" అన్నాడు. అయినా మొదటిరోజు నన్ను బడి గేటుదాకా దింపి, గేటు మూసేదాకా అక్కడే నిలబడ్డాడు. కాపలా అలవాటు కదా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బళ్ళో జీతం అడ్వాన్సుగా అడిగి తీసుకుని నీ జీతంలో కోసిన డబ్బు కూడబెట్టాను. ఫోన్‌పేలో పంపుదామంటే అక్కడ కూడా నన్ను బ్లాక్ చేశావు. ఎలా తీసుకుంటావో నువ్వే చెప్పు. రెండోది, ఆ కోత సంగతి నేను ఊరికే వదలదలచుకోలేదు. శాలేమురాజు సార్‌కి ఒక ఉత్తరం రాశాను. "హామీ ఇచ్చిన పాపానికి ఒక ఆడపిల్ల జీతం కోయడం ఏ ధర్మం? నన్నడగండి, నా ఇంటికి రండి, నా బడికి రండి, కావాలంటే వెనక బెంచీలో కూర్చోండి. ఆ అమ్మాయి జోలికి మాత్రం వెళ్ళకండి" అని. రెండుసార్లు చదివి చూశాను, అక్షరదోషం ఒక్కటి కూడా లేదు. సార్‌కి కోపం వస్తే రానీ. నీ తరఫున ఎవరో ఒకరు అడగాలి. నువ్వు అడగవు, నాకు తెలుసు.

నువ్వు క్షమిస్తావని ఆశపడటం లేదు. తిట్టడానికైనా ఒకసారి ఫోన్ చెయ్యి.

ఎప్పటికీ నీ నేస్తం,
రిబ్కా.

తా.క. కవరు అంటించబోతుంటే వినోద్ కుమార్ గారు సెప్టెంబరు డబ్బు కోసం ఇంటికొచ్చారు. ఆదివారమైతే ఇంట్లో ఉంటానని వచ్చారట. నాన్న కుర్చీ వేశాడు. డబ్బిచ్చి, సార్‌కి రాసిన ఉత్తరం కూడా అందించమని ఆయన చేతికిచ్చాను. ముందు చదివి చూడమన్నాను. చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివారు. "తెలుగు చాలా బాగుందమ్మా. కానీ ఎవరి జీతం కోశారు?" అన్నారు. సాయి ప్రియదండి అన్నాను. "మా కంపెనీలో హామీదారు జీతం కోసే పద్ధతి లేదమ్మా. అలాంటిది ఎప్పుడూ లేదట. జూలైది ఆ అమ్మాయే కౌంటరుకొచ్చి తన డబ్బు కట్టింది. మేనేజరు గారు వద్దంటున్నా వినలేదట. 'రిబ్కాను అడుగుదాం, నువ్వెందుకు కట్టడం' అంటే, 'అడిగితే అది చదువు మానేసి వచ్చి మళ్ళీ ఈ కుర్చీలో కూర్చుంటుంది సార్' అందట. ఆఫీసులో అందరికీ తెలుసు" అన్నారు.

నిజమే సాయీ. నువ్వు కట్టావని తెలిస్తే ఆ సాయంత్రమే పెట్టె సర్దుకునేదాన్ని. కంపెనీ కోసిందన్నావు కాబట్టి ఆ కోపంతో చదివాను. జూలైది ఎవరు కట్టారని నేను ఆరా తీయకుండా ముందే ఆ మాట చెప్పి, నంబరు కూడా బ్లాక్ చేశావు. నన్ను ఎలా కదిలించాలో నీకు బాగా తెలుసు. ఒక్క సంగతి మాత్రం నాకిప్పుడు వెలిగింది. ఆ రోజు ఫోన్‌లో నువ్వు అంత మాట అంటున్నా నీ గొంతు కొంచెం కూడా వణకలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరు కసిరినా ఏడ్చేదానివి. ఏడుపొస్తే ముందు ఫోను దూరంగా పెట్టి గుక్కెడు నీళ్ళు తాగు, తర్వాత మాట్లాడు అని చెప్పింది నేనే. నువ్వు "జీతంలో కోశారు" అనేముందు ఒక్క క్షణం ఆగావు. నీళ్ళు తాగి ఉంటావు. బీఈడీలో చేరకముందే నాకు ఒక విద్యార్థి ఉందన్నమాట, అదీ ఫస్టు క్లాసు విద్యార్థి.

సార్‌కి రాసిన ఉత్తరం చించేశాను. పైన నీకు రాసింది మాత్రం కొట్టివేయకుండా అలాగే పంపుతున్నాను. చదివి నవ్వుకో.

వచ్చేది రెండో శనివారం. మా బడికి సెలవు, మీ ఆఫీసుకు కాదు. మధ్యాహ్నం క్యారియరు తీసుకుని తెనాలి వస్తున్నాను. నాన్న, "ఆ పిల్ల రొయ్యలు తింటుందా?" అని అడిగాడు. తినదు నాన్నా, వాళ్ళు గుడ్డు కూడా ముట్టరు అంటే, "మరి ఆ పిల్లకి మనం ఏం పెట్టగలమే?" అని దిగులుపడి కూర్చున్నాడు. అమ్మ గోంగూర పప్పు చేస్తానంది. నేను మీ ఆఫీసు పైకి రాను. కింద రోడ్డు మీదే నిలబడతాను. దిగిరా.